విదిలించని థర్మామీటరు

ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడిందనుకోండి. మనం మొదట చేసే పనేమిటి? సొరుగులోంచి థర్మామీటరు తీసి ఠక్కున వాడి నోట్లో పెట్టెయ్యం. వెలుతురుకి పట్టి చూసి, చెయ్యి జాడించి నాలుగుసార్లు విదిలిస్తాం. పాదరసం కిందికి దిగాక గాని పెట్టం. ఎందుకంటే క్రితంసారి చూసిన జ్వరం ఇంకా అందులోనే నిలబడి వుంటుంది. దాన్ని దించకుండా పెడితే కనిపించేది ఈ పిల్లవాడి జ్వరం కాదు, పోయిన నెల వాళ్ళక్కకి వచ్చిన జ్వరం! ఇప్పుడు బ్యాటరీతో కూతపెట్టే కొత్త రకాలు వచ్చాయి గాని, మన తరం ఆడవాళ్ళలో ఈ విదిలింపు రానివాళ్ళు అరుదు.

శరీరానికి ఇంత జాగ్రత్త తీసుకుంటాం సరే. మరి మనస్సు జ్వరం చూసే థర్మామీటరు సంగతేమిటి? మనస్సు జ్వరం చూసే పరికరం ఇంకో మనస్సే. అందులోనే వుంది చిక్కంతా. థైరాయిడు లాంటి ఒంటి జబ్బులేవీ వెనక లేవని తేల్చుకోవడానికి సైకియాట్రిస్టు కూడా రక్తపరీక్షలు రాస్తాడు. కాని, ఈ మనిషికి ఇంత దిగులుంది అని అంకె వేసి చూపించే రక్తపరీక్షగాని, స్కానుగాని ఇంతవరకూ లేవు. రోగి చెప్పేది వినాలి, చెప్పనిది గమనించాలి, వెంటవచ్చిన ఇంటివాళ్ళ మాటలు దానికి కలుపుకోవాలి. ఆ వినేది ఇరవయ్యారేళ్ళ కుర్రాడో, పిల్లో. వాళ్ళకీ ఒక ఇల్లుంటుంది. తండ్రితో మాటలు లేకపోవడం వుంటుంది. పెళ్ళి కుదిరి తప్పిపోవడం వుంటుంది. రాత్రి డ్యూటీ అలసట వుంటుంది. ఆ పాదరసాన్ని దించేదెవరు? దించుకోవాలని వాళ్ళకి నేర్పేదెవరు? "నీ లోపలేముందో విప్పి చూపించు" అని ఒక విద్యార్థిని అడిగే హక్కు ఏ గురువుకైనా వుందా?

నేను డాక్టర్ని కాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. ఈ ప్రశ్నలు నాకెందుకంటారేమో. మా అక్క కూతురు సైకియాట్రీలో ఎం.డి. చదువుతోంది. అది ఆ సీటు తీసుకున్నప్పుడు మా బంధువుల్లో జరిగిన సంతాపసభ మీరు చూసి తీరాల్సింది. "హాయిగా గైనిక్ తీసుకుంటే పోయేదిగా," అన్నారు ఒకరు. "పిచ్చివాళ్ళ మధ్య వుంటే రేపు పెళ్ళి సంగతేమిటి?" అన్నారు ఇంకొకరు. అన్నవాళ్ళలోనే ఇద్దరు ఆ తర్వాత వేరువేరుగా ఫోన్ చేసి, మూడోకంటివాడికి తెలియకుండా నిద్ర పట్టడానికి ఏం మందు వేసుకోవాలో అడిగారు. అదీ మన లోకం!

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. అయ్యాక ఈ చదువు మూడేళ్ళు. జబ్బుల పేర్లు, లక్షణాలు, మందులు, మోతాదులు, 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, ఒక థీసిస్సు, చివర పరీక్షలు. 1954లో బెంగుళూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా మొదలై 1974లో నిమ్‌హాన్స్ అయిన సంస్థ దగ్గర్నించి, మన హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నం చినవాల్తేరు ఆస్పత్రుల దాకా ఎన్నో తరాల డాక్టర్లు ఇలా తయారయ్యారు. అయినా ఈ దేశంలో లక్షమందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని లెక్క. అందుకని ఎక్కడ చూసినా జనం ఎక్కువ, డాక్టరు తక్కువ. ఒక్కో మనిషికి దొరికే నిమిషాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ నిమిషాల్లో నేర్చుకునే డాక్టరు తనవైపు చూసుకునేదెప్పుడు?

మా పిల్ల రెండో ఏడాదిలో వుండగా జరిగిన సంగతి చెప్తాను. అక్కకీ, దానికీ చెప్పే రాస్తున్నాను. ఓ.పి.లో దాని దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరూ వూరూ అది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నలభై దాటిన మనిషి, నిద్ర పట్టడంలేదంది. మెల్లిగా అడిగితే, ఇంట్లో ఆయన ఏళ్ళ తరబడి తనతో మాట్లాడరనీ, కంచం పెడితే తింటారు, తీస్తే లేస్తారు అనీ చెప్పింది. మా పిల్లకి ఎక్కడలేని ఆవేశం వచ్చేసింది. "ఇంకా ఎందుకండీ భరించడం? మీకేం చేతగాదా? మీ కాళ్ళమీద మీరు నిలబడండి!" అంది. ఆవిడ తల వూపింది. మందుల చీటీ తీసుకుంది. మళ్ళీ రమ్మన్న తారీఖుకి రాలేదు.

ఆ వారం వాళ్ళ సీనియర్ మేడమ్‌కి ఈ సంగతి చెప్పింది. ఏ మందు రాశావు, ఎంత రాశావు అని అడుగుతుందనుకుంది. ఆవిడ అదేం అడగలేదట.

"నిలబడమని ఆమె నిన్ను సలహా అడిగిందా?"

"లేదు మేడమ్."

"మరి ఆ మాట ఎవరితో అన్నావు?"

ఆ రాత్రి నాకు ఫోను. "పిన్నీ, ఒళ్ళు మండిపోయిందనుకో! ఎవరితో అన్నావంటే ఏమిటి? ఎదురుగా కూర్చున్నావిడతో అన్నాను. ఇదేం ప్రశ్న?" నేను వూఁ కొట్టి వూరుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో ఆ మంట లేదు. "పిన్నీ, ఆ మాట పన్నెండో ఏటినించీ నా గొంతులో వుంది. అమ్మతో అనాలని. అమ్మతో ఎప్పుడూ అనలేదు. ఆవిడతో అనేశాను."

నేనేం జవాబు చెప్పను? మా అక్క ఇంటి నిశ్శబ్దం నాకు తెలియనిదా? మా ఇంట్లో అందరం దానికి "బావగారు మితభాషి" అని అందమైన పేరు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు గడిపేశాం. మేమెవ్వరం నోరెత్తని ఆ సంగతి, ముక్కూమొహం తెలియని ఒక ఆస్పత్రి గదిలో, ఏ పాపం ఎరగని ఒకావిడ నెత్తిన పడింది. ఇది రాస్తానంటే మా అక్క కాసేపు ఆలోచించి, "రాయవే. ఆవిడకి నిద్ర పట్టిందో లేదో," అంది. తన సంగతి కాదు, ఆవిడ సంగతి.

మీరొకటి గమనించాలి. మా పిల్ల ఇచ్చిన సలహా చెడ్డదని నేననడం లేదు. ఎంతోమంది ఆడవాళ్ళకి సరైన సమయానికి సరైన మనిషి చెప్పాల్సిన మాటే అది. కాని ఈవిడ ఆ మాటకోసం రాలేదు. నిద్రలేదని వచ్చింది. ఆవిడకి పుట్టిల్లుందో లేదో, చేతిలో పదిరూపాయలున్నాయో లేదో, అసలు ఆ ఇల్లు వదలాలని వుందో లేదో తెలుసుకోకుండానే "మీకేం చేతగాదా" అనిపించుకుని వెళ్ళింది. ఇంట్లో రోజూ అనిపించుకునే మాట ఆస్పత్రిలో కూడా అనిపించుకుంటే మళ్ళీ ఎందుకొస్తుంది?

అత్తమీది కోపం దుత్తమీద అని మనవాళ్ళు ఏనాడో అన్నారు. మనస్తత్వశాస్త్రంలో సగం ఆ సామెతలోనే వుంది. దుత్త పగిలితే పోయేది పాలో పెరుగో. మనోవైద్యుడి దగ్గర పగిలేది మనిషి.

ఈ ప్రమాదం ఈ శాస్త్రం పుట్టించినవాళ్ళకి మొదటినించీ తెలుసు. వియన్నాలో ఫ్రాయిడ్ 1897 ప్రాంతంలో తన కలలూ, చిన్నతనపు జ్ఞాపకాలూ తనే తవ్వి చూసుకోవడం మొదలుపెట్టాడు. అంతా ఒంటరిగా చేశాడనుకుంటాం గాని, నిజానికి ఆ రోజుల్లో బెర్లిన్‌లో వున్న ఫ్లీస్ అనే డాక్టరు స్నేహితుడికి ఉత్తరాలమీద ఉత్తరాలు రాశాడు. అంటే ఆయనకీ ఒక వినేవాడు కావలసివచ్చాడు. కన్ను అన్నిటినీ చూస్తుంది గాని తన్ను తాను చూసుకోలేదు కదా! 1912 నాటికి, ఇతరులకి ఈ వైద్యం చేసేవాడు ముందు తాను మరొకరి దగ్గర అదే వైద్యం చేయించుకోవాలన్న జూరిచ్ డాక్టర్ల మాటని ఫ్రాయిడ్ మెచ్చుకుంటూ రాశాడు. 1920లో బెర్లిన్‌లో పేదలకోసం ఒక చికిత్సాలయం, దానితోపాటే శిక్షణాలయం వెలిశాయి. అక్కడ మూడు కాళ్ళ పీట తయారయింది. పుస్తకాల చదువు ఒక కాలు. పెద్దవాళ్ళ పర్యవేక్షణలో రోగుల్ని చూడడం రెండో కాలు. తన మనస్సుని మరొకరి ముందు విప్పుకోవడం మూడో కాలు. ఆ పీట తర్వాత దేశదేశాలకీ వెళ్ళింది. ముసలితనంలో, 1937లో, ఫ్రాయిడ్ ఇంకోమాట కూడా అన్నాడు. ఒకసారి చేయించుకుంటే చాలదట. ప్రతి అయిదేళ్ళకోసారి డాక్టర్లు సిగ్గుపడకుండా మళ్ళీ వెళ్ళి చేయించుకోవాలట. ఇంటికి సున్నం వేయించినట్టన్నమాట. ఒకసారి వేయించాం కదా అని గోడ వూరుకుంటుందా?

అయితే ఆ మూడోకాలి దగ్గరే పీట కిర్రుమంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మనకో సామెత. తన గుట్టంతా విద్యార్థి ఎవరిముందు విప్పుకున్నాడో, ఆ పెద్దమనిషే చాలా శిక్షణాలయాల్లో "ఇతడు పనికొస్తాడు, ఇతడు పనికిరాడు" అని పైవాళ్ళకి చెప్పేవాడు. అలా చెప్పడం సబబా అని తర్వాత చాలా ఏళ్ళు వాదించుకుని, చాలాచోట్ల మానేశారు. మానేయక ఏం చేస్తారు? పరీక్ష పెట్టేవాడి ముందు ఎవరైనా నిజం చెప్తారా? పరీక్షకి పనికొచ్చే నిజం చెప్తారు. ఇంకా చిత్రం చూడండి. ఫ్రాయిడ్ తన సొంత కూతురు ఆనాని తనే కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి ఈ విశ్లేషణ చేశాడు. తండ్రీ ఆయనే, గురువూ ఆయనే, వైద్యుడూ ఆయనే. తండ్రిమీద కోపం వస్తే ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? అంతటి మేధావి ఈ చిన్న ప్రశ్న ఎలా దాటుకుపోయాడా అని నాకు ఆశ్చర్యం. ఆనా తర్వాత పిల్లల మనస్సుల గురించి లోకానికి ఎంతో నేర్పింది. అది ఆవిడ గొప్పతనం. ఆ పద్ధతి మంచిదని చెప్పడానికి అది చాలదు.

గురువు మాటకి వస్తే మనకీ తక్కువ చరిత్ర లేదు. 1973లో జస్వంత్ సింగ్ నేకీ అనే మనోవైద్యుడు, ఆయన పంజాబీ కవి కూడా, మన గురుశిష్య సంబంధం మనోవైద్యానికి నమూనాగా పనికొస్తుందా అని ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆలోచించాల్సిన మాటే. ఇక్కడ రోగి డాక్టర్ని పెద్దదిక్కు అనుకుంటాడు, శిష్యుడు గురువుని తండ్రి అనుకుంటాడు. ఆ నమ్మకం గొప్ప ఆసరా. కాని నాకు ఇద్దరు గురువులు గుర్తొస్తారు. ఒకరు ద్రోణుడు. వేలిచ్చిన ఏకలవ్యుణ్ణి మెచ్చుకుంటూ పెరిగామే గాని, వేలడిగిన గురువుని అడగాల్సిన ప్రశ్న అడగడం మనం ఆలస్యంగా నేర్చుకున్నాం. రెండోవాడు కృష్ణుడు. గీత మొదటి అధ్యాయంలో ఆయన దాదాపు నోరు విప్పడు. చేతులు వణుకుతున్నాయనీ, ఒళ్ళు మండుతోందనీ, విల్లు జారిపోతోందనీ అర్జునుడు తన దిగులంతా చెప్పుకునే దాకా విన్నాడు. ఆ తర్వాతే బోధ. అంతా చెప్పి, చివరకి బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమన్నాడు. పైగా ఆ సమయానికి ఆయన సింహాసనంమీద లేడు, పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నాడు. కొత్త డాక్టర్లకి కావలసింది ఈ రెండో రకం గురువు. వేలు అడగనివాడు.

ఆత్మపరిశీలన అనగానే మనకి అరుణాచలం, రమణమహర్షి గుర్తొస్తారు. "నేనెవరు" అన్నది మహా ప్రశ్న. దానికి దణ్ణం పెట్టాల్సిందే. కాని డాక్టరు వేసుకోవలసిన ప్రశ్న అంత ఎత్తున లేదు. చాలా కింద, గడప దగ్గరే వుంది. "ఈ ముసలాయన్ని చూస్తే నాకెందుకింత విసుగు? ఆ అమ్మాయిని చూస్తే మాత్రం టైము చూసుకోవడం ఎందుకు మర్చిపోతున్నాను? తాగొచ్చినవాడికి మందు రాసేటప్పుడు నా చేతిరాత ఎందుకు మారుతోంది?" ఇంత చిన్న ప్రశ్నలు. చిన్నవి గనకే వేసుకోం.

లండన్‌లో వినికాట్ అనే పిల్లల డాక్టరు 1947లో సాటి డాక్టర్ల సభలో ఒక సంగతి దాచకుండా చెప్పాడు. కొందరు రోగులమీద డాక్టరుకి ద్వేషం కలుగుతుందనీ, కలగలేదని బుకాయిస్తేనే ప్రమాదమనీ. అక్కడితో ఆగక, కన్నతల్లికి చంటిబిడ్డమీద కూడా విసుగూ ద్వేషమూ కలగడానికి ఎన్ని కారణాలున్నాయో పెద్ద జాబితా చెప్పాడు. పాలు తాగేటప్పుడు నొప్పి పెట్టడం దగ్గర్నించి, వీధిలో అందరికీ నవ్వు మొహం చూపించి ఇంట్లో గుక్కపెట్టడం దాకా! నాకది చదివినప్పుడు ఆ డాక్టరుకి చీరె పెట్టాలనిపించింది. రాత్రి రెండింటికి బిడ్డని భుజాన వేసుకుని తిరుగుతూ, "నేను చెడ్డతల్లినేమో" అని కుమిలిపోని ఆడది మనలో ఎవరుంది? కోపం వచ్చిందని ఒప్పుకున్న తల్లి బిడ్డని పక్కమీద పడుకోబెట్టి ఓ గ్లాసు మంచినీళ్ళు తాగుతుంది. రాలేదనుకునే తల్లి చేతిమీదే నాకు భయం.

ఈ ఒప్పుకోవడం ఎలా నేర్పాలన్నదానికి మంచి దారి చూపినవాళ్ళలో భార్యాభర్తలిద్దరున్నారు. మైకేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్. భర్త పేరే ఎక్కువగా వినిపిస్తుంది గాని, కాపురాల్లో చిక్కులు చూసే సాంఘిక కార్యకర్తల్ని గుంపుగా కూర్చోబెట్టి వాళ్ళ కేసులు చర్చించడం ఎనిడ్ ముందే మొదలుపెట్టింది. 1950ల్లో ఆ పద్ధతినే లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మామూలు డాక్టర్లకి తెచ్చారు. పద్ధతి చాలా సులువు. పదిమంది లోపు గుండ్రంగా కూర్చుంటారు. ఒక డాక్టరు, కాగితం చూడకుండా, తన మనస్సులో నలుగుతున్న ఒక రోగి సంగతి చెప్తాడు. మిగతావాళ్ళు ఆ రోగి స్థానంలోనూ ఆ డాక్టరు స్థానంలోనూ తమని వూహించుకుని మాట్లాడతారు. ఏ మందు వాడాలన్నది కాదు అక్కడ చర్చ. వాళ్ళిద్దరి మధ్యా ఏం జరుగుతోందన్నది. డాక్టరు పడగ్గదినీ పుట్టింటినీ ఎవ్వరూ తవ్వరు. అతని పనిలో కనిపించినంతవరకే అతని మనస్సు. మిగతాది అతనిష్టం. బ్రిటన్‌లో సైకియాట్రీ చదివేవాళ్ళు ఈనాటికీ శిక్షణ మొదట్లో ఇలాంటి గుంపుల్లో కూర్చుంటారు. దానితోపాటు వారానికొక గంట తన పర్యవేక్షకుడితో ఒంటరిగా మాట్లాడుకునే వీలు ప్రతి విద్యార్థికీ కల్పించాలన్నది అక్కడి నియమం.

ఆ ఒక్క గంట ఏమంత గొప్పదంటారా? అమెరికాలో హెరాల్డ్ సర్ల్స్ అనే మనోవైద్యుడు 1955లో ఒక విచిత్రం రాసిపెట్టాడు. రోగికీ డాక్టరుకీ మధ్య జరిగేది, ఆ డాక్టరుకీ అతని గురువుకీ మధ్య మళ్ళీ తలెత్తుతుందట. రోగి డాక్టర్ని ఎటూ తోచకుండా చేస్తే, ఆ డాక్టరు వచ్చి గురువుని ఎటూ తోచకుండా చేస్తాడు. మనకి ఇది విచిత్రమేమీ కాదు. ఆఫీసులో మాటపడ్డ మొగుడు ఇంటికొచ్చి పెళ్ళాన్ని కసురుతాడు, పెళ్ళాం పిల్లవాడి వీపు చరుస్తుంది, వాడు పోయి కుక్కపిల్ల తోక లాగుతాడు. చిత్రం ఏమిటంటే ఇది కిందికే కాదు, పైకీ నడుస్తుంది. అంతేకాదు, మంచి కూడా అలాగే నడుస్తుంది. గురువు గదిలో కసురు తిన్న విద్యార్థి ఓ.పి.లో కసురుతాడు. గురువు గదిలో తన మాట పూర్తిగా వినిపించుకోగలిగిన విద్యార్థికి, ఇంకొకరి మాట పూర్తిగా వినడమంటే ఏమిటో ఒంటికి పడుతుంది. వినడం గురించి వంద పాఠాలు చెప్పొచ్చు. ఒకసారి తనని విన్నవాళ్ళుంటే తప్ప అది రాదు.

మా తమ్ముడు ఇంజనీరు. ఈ ధోరణంతా విని నవ్వాడు. "అక్కా, గుండె ఆపరేషన్ చేసేవాడు తన గుండె కోసి చూసుకుంటాడా? మందు మంచిదైతే చాలదూ?" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం మేలుచేస్తుందని కనిపెట్టాకా, 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజీన్ వాడకం మొదలయ్యాకా, ఎన్నో వేలమంది గొలుసుల్లోంచీ తాళాల్లోంచీ బయటపడ్డారు. ఆ పని మందులు చేశాయి గాని డాక్టర్ల ఆత్మపరిశీలన చెయ్యలేదు. నేను కాదనను. పైగా ఆత్మపరిశీలన కూడా ఒక వ్యసనమయ్యే ప్రమాదముంది. ఎప్పుడూ తన లోపలికే చూసుకునే డాక్టరుకి ఎదురుగా వున్న రోగి కనిపించడు. అద్దం ముందునించి కదలనివాడు బజారుకెప్పుడు వెళ్తాడు?

కాని మా తమ్ముణ్ణి నేనొకటి అడిగాను. "మందు మంచిదేరా. వేసుకోవాలి కదా? ఏళ్ళ తరబడి, బాగున్నప్పుడు కూడా, నలుగురూ వెక్కిరిస్తున్నా వేసుకోవాలి. అది రాసిన మనిషిమీద నమ్మకం లేకపోతే ఎందుకు వేసుకుంటారు?" మా పిల్ల చీటీలో రాసింది సరైన మందే. ఆ చీటీ ఆవిడ కొంగున ముడిలోనే వుండిపోయిందో, బస్సు కిటికీలోంచి ఎగిరిపోయిందో ఎవరికి తెలుసు?

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది. తను చూస్తున్న రోగి ఒకరోజు ప్రాణం తీసుకుంటే? ఈ వృత్తిలో అది జరుగుతుంది. చిన్న వయస్సులోనే జరగొచ్చు. ఫైలు తెప్పిస్తారు, ఏం రాశావో చూస్తారు, సంతకాలు సరిచూస్తారు. అది అవసరమే. కాని ఆ రాత్రి ఆ ఇరవయ్యేడేళ్ళ పిల్ల హాస్టల్ గదికి వెళ్ళి ఏం చేస్తుంది? "నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి వుంటే" అన్నది ఎన్నాళ్ళు మోస్తుంది? ఆ పూట కావలసింది పక్కన కూర్చుని, "నాకూ ఇలా జరిగింది. ఇదిగో ఇలా గడిచింది," అని చెప్పగల పెద్ద డాక్టరు. అలాంటివారు లేకపోతే ఆ పిల్ల రెండిట్లో ఒకటవుతుంది. ప్రతి రోగినీ భయంతో చూసే డాక్టరవుతుంది. లేకపోతే ఎవరికేమైనా చలించని డాక్టరవుతుంది. రెండూ నష్టమే. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు వైద్యవిద్యార్థుల మనోవేదన గురించి నివేదిక ఇస్తూ, రెసిడెంట్లకి వారానికి 74 గంటలకి మించి డ్యూటీ వెయ్యొద్దని సిఫారసు చేసింది. మించకూడనిదే 74 గంటలంటే మామూలుగా ఎంత జరుగుతోందో మీరే వూహించుకోండి. అన్ని గంటలు ఇతరుల దుఃఖం వినేవాళ్ళకి, తమది చెప్పుకోవడానికి ఒక గంట!

మొదట వేసుకున్న ప్రశ్నకి నాకు తోచిన జవాబిది. మనోవైద్యుడు కాబోయేవాడు తన లోపలికి చూసుకునే తీరాలి. అది రోగిపట్ల అతని బాధ్యత. తన మనస్సులో గాయాలు లేనివాడు కానక్కరలేదు. అలాంటివాడు పుట్టలేదు కూడా. గాయం ఎక్కడుందో తెలిస్తే చాలు, అక్కడ చెయ్యి తగిలినప్పుడు ఎదుటిమనిషిమీద అరవడు. కాని, అలా చూసుకొమ్మని ఆజ్ఞాపించి, చూసినదాన్ని మార్కుల్లో వేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మా పిల్లని ఆ ప్రశ్న అడిగిన మేడమ్ దాని థీసిస్ గైడు కాదు, పరీక్షల్లో కూర్చునే మనిషీ కాదు. అడిగి జవాబుకోసం పట్టుబట్టలేదు. వారం తర్వాత అది వెళ్ళి "ఎవరితో అన్నానో తెలిసింది మేడమ్" అంటే, "నాకు చెప్పక్కర్లేదమ్మా, నీకు తెలిసింది కదా" అందట. తర్వాత, ట్రైనింగ్ రోజుల్లో తను కూడా ఒక రోగిని తన అన్నగారనుకుని ఎలా దెబ్బలాడిందో నవ్వుతూ చెప్పిందట. ముందు గురువు విప్పితేనే శిష్యుడికి విప్పే ధైర్యం. ఆ మేడమ్ ఎవరో నాకు తెలియదు గాని, నా మనస్సులో ఆవిడకో నమస్కారం.

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. పాపం, ఎలా ఎరుగుతుంది? కళ్ళు పైకే వున్నాయాయె. ఎవరైనా చేతిలోకి తీసుకుని మెల్లిగా తిప్పి చూపించాలి. విసిరికొట్టి చూపిస్తే లాభం లేదు.

దీనికి పెద్ద భవనాలక్కర్లేదు, కోట్ల బడ్జెట్టు అక్కర్లేదు. ఒక గది, రెండు కుర్చీలు, వారానికో గంట, పరీక్షల పుస్తకం చేతిలో లేని ఒక పెద్దమనిషి. ఇప్పటికే తీరికలేని ఆస్పత్రుల్లో ఆ గంట ఎక్కణ్ణించి వస్తుందంటారు. నిజమే, కష్టమే. కాని ఆ గంట లేకపోతే దాని ఖరీదు చెల్లించేది విద్యార్థీ కాదు, గురువూ కాదు. ఇంట్లో పదిమందికీ వండిపెట్టి, ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఓ.పి. చీటీ పట్టుకుని వరసలో నిలబడి, తన వంతు వచ్చాక "నిద్ర పట్టడం లేదండీ" అని మాత్రం చెప్పగలిగిన మనిషి.